పది పానా, ఆరు బోల్టు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. పొద్దున్న పదింటికి ఆ షెడ్డు ముందు ఒక పాత హోండా కారు ఆగింది. ఆగింది అనడం కంటే ఆగిపోయింది అంటే నిజం. చివరి యాభై గజాలు ఇద్దరు కుర్రాళ్లు తోసుకొచ్చారు. పెట్రోలు కారు. దాని వయసు ఇరవై ఏళ్లు దాటింది. వెనక సీటు నిండా చీరల మూటలు.

కారులోంచి ఒక ఆవిడ దిగింది. ఆవిడది మంగళగిరి. నేత చీరలు కొని గుడివాడ, నూజివీడు వైపు తిరిగి అమ్ముకుంటుంది. బస్సులో మూటలు ఎక్కించలేక, మూడేళ్ల కిందట ఈ కారు సెకండు హ్యాండులో కొనుక్కుంది. బండిని తమ్ముడు నడుపుతాడు.

"మేస్త్రిగారూ, వారధి ఎక్కేటప్పుడు గుంజుకుంటోందండి. బరువు లాగదు. ఎండలో ఎక్కడన్నా ఆపితే మళ్లీ స్టార్టు కాదు. వేరే చోట చూపించాం. పంపు పోయింది, తొమ్మిది వేలు అన్నారు. మార్చేద్దామా?" అంది.

మేస్త్రి వెంటనే జవాబు చెప్పలేదు. బానెట్ ఎత్తి చూశాడు.

"పంపు పోయిందని ఎలా చెప్పారమ్మా? ప్రెజరు చూశారా?"

"అదేం చూడలేదండి. పైనుంచి విని చెప్పేశారు."

"తల తిరుగుతోందని వెళితే డాక్టరు ముందు బీపీ చూస్తాడు. చూడకుండా మందు రాయడు కదమ్మా. దీనికీ బీపీ ఉంది. చూసి చెప్తాను. అప్పటిదాకా తొమ్మిది వేలూ మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు మేస్త్రి.

కారుకి బీపీ ఏమిటి?

పెట్రోలు ట్యాంకు కారు వెనక ఉంటుంది. ఇంజను ముందు ఉంటుంది. పెట్రోలు వెనక నుంచి ముందుకు రావాలి. దాన్ని తోసేది పంపు. ఈ కారులో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. కరెంటుతో తిరుగుతుంది. పంపు తోసిన పెట్రోలు ఫిల్టరు గుండా వస్తుంది. ఫిల్టరు మట్టిని, తుప్పుని ఆపుతుంది. అక్కడి నుంచి పెట్రోలు ఇంజను మీద ఉన్న ఒక గొట్టంలోకి చేరుతుంది. ఆ గొట్టానికి ఇంజెక్టర్లు ఉంటాయి. అవి పెట్రోలుని సన్నని తుంపరగా చల్లుతాయి.

తుంపర సరిగా పడాలంటే గొట్టంలో పెట్రోలు ఒత్తిడితో ఉండాలి. ఆ ఒత్తిడినే షెడ్డులో ప్రెజరు అంటారు. ఒత్తిడి తగ్గితే పెట్రోలు తక్కువ పడుతుంది. చదును రోడ్డు మీద ఎలాగో నడుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు ఉన్నప్పుడు దొరికిపోతుంది.

ఒత్తిడి ఎక్కువైనా నష్టమే. అందుకని ఆ గొట్టం చివర రెగ్యులేటరు అనే చిన్న డబ్బీ ఉంటుంది. చెరువుకి అలుగు ఉన్నట్టు, కారుకి ఇది. చెరువు నిండితే నీళ్లు అలుగు మీంచి పోతాయి. ఇక్కడ ఎక్కువైన పెట్రోలు రెగ్యులేటరు గుండా ఇంకో పైపులో పడి, మళ్లీ ట్యాంకుకే పోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. గొట్టంలో ఒత్తిడి తగ్గిందంటే పంపే చెడిపోయి ఉండాలా? ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. అలుగు కిందికి తెగి ఉండొచ్చు. ఎక్కడో కారుతూ ఉండొచ్చు. ఏది అన్నది గేజి పెడితే గానీ తెలియదు.

డబ్బాలో పదిహేను ముక్కలు

షెడ్డులో ప్రెజరు గేజి డబ్బా ఉంది. అందులో గుండ్రటి గడియారం లాంటి గేజి, రబ్బరు గొట్టం, పదిహేను దాకా ఇత్తడి ముక్కలు ఉన్నాయి. ఆ ముక్కల్ని అడాప్టర్లు అంటారు.

ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు రెండు కన్నాల సాకెట్టులో పట్టదు. మధ్యలో ఇంకో ముక్క పెడతాం. అడాప్టరు పని కూడా అంతే. ఒక వైపు కారుకి పట్టాలి, రెండో వైపు గేజికి పట్టాలి.

షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడు ఉన్నాడు. పదిహేడేళ్లు. అందరూ చిన్నోడు అంటారు. వాడు డబ్బా తెచ్చి, గేజి తగిలించే చోటు కోసం ఇంజనంతా వెతికాడు.

"మేస్త్రీ, ఇందులో వాల్వు ఏదీ? డబ్బా మీద బొమ్మలో టైరు వాల్వు లాంటిది ఉంది."

"అది అమెరికా కార్లకిరా. వాళ్లు ఇంజను గొట్టం మీదే టైరు వాల్వు లాంటిది పెడతారు. మూత తీసి గేజి బిగించడమే. ఈ డబ్బాలో సగం ముక్కలు వాటికే. మనకి ఇక్కడ చూడు."

ఇంజను వెనక గోడ దగ్గర పెట్రోలు ఫిల్టరు ఉంది. దాని నెత్తిన పైపుని పట్టుకుని ఒక పెద్ద బోల్టు ఉంది. ఆ పెద్ద బోల్టు తల మీద ఇంకో చిన్న బోల్టు ఉంది. పాత హోండా కార్లలో చాలావాటికి ఇలా ఉంటుంది. చిన్నదాన్ని సర్వీసు బోల్టు అంటారు. దాన్ని తీసి ఆ కన్నంలో గేజి బిగించాలి.

చిన్నోడు పానాలు పెట్టి చూశాడు. పది నంబరు పానా సరిగ్గా పట్టింది. "పది బోల్టు" అనుకున్నాడు. డబ్బాలో పది అడాప్టరు కనబడలేదు. మేస్త్రి వేరే బండి కిందకి దూరాడు. వాడు అడగకుండానే సైకిలెక్కి స్పేరు పార్టుల కొట్టుకి పోయాడు.

"అన్నా, పది మి.మీ. అడాప్టరు ఇవ్వు."

కొట్టతను ఇచ్చాడు. రెండొందల యాభై తీసుకున్నాడు. అడిగింది అడిగినట్టే ఇచ్చాడు. అతని తప్పేమీ లేదు.

చిన్నోడు తిరిగొచ్చి అడాప్టరుని బోల్టు పక్కన పెట్టి చూశాడు. ముఖం పాలిపోయింది. అడాప్టరు వేలంత లావు ఉంది. బోల్టు అందులో సగం లావు కాస్త మించుతుంది, అంతే.

పానా నంబరు వేరు, బోల్టు నంబరు వేరు

మేస్త్రి తిట్టలేదు. ఒక కొత్త బోల్టు తెచ్చి వాడి చేతిలో పెట్టాడు.

"దీని తలకి ఏ పానా పడుతుంది?"

"పది."

"ఇది ఏ ప్యాకెట్‌లోంచి తీశానో చదువు."

ప్యాకెట్ మీద 6 అని ఉంది.

పానా పట్టేది బోల్టు తలకి. అడాప్టరు పట్టేది మరకి. మర అంటే బోల్టు ఒంటి మీద చుట్టూ తిరిగే గాడి. థ్రెడ్డు అని కూడా అంటారు. తల కొలత ఒకటి, ఒంటి కొలత ఇంకొకటి. 10 పానా పట్టే బోల్టు ఒళ్లు మామూలుగా 6 మి.మీ. ఉంటుంది. జపాను కార్లలో 12 పానా పట్టేది 8 మి.మీ. బోల్టు. షెడ్డులో అందరూ పానా నంబరుతోనే బోల్టుని పిలుస్తారు. రోజూ చేసే పనికి అది సరిపోతుంది. అడాప్టరు కొనేటప్పుడు మాత్రం ఆ అలవాటు డబ్బులు తినేస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడ పొరపడుతుంటారు.

"మరి ఏం కొనాలో ఎలా తెలుస్తుంది మేస్త్రీ?"

"బోల్టునే అడుగుదాం. కానీ దాన్ని తీసే ముందు చేయాల్సినవి ఉన్నాయి."

తీసే ముందు

ఆ బోల్టు కింద పెట్రోలు ఒత్తిడితో ఉంది. ఇంజను ఆపినా ఒత్తిడి కొంతసేపు అలాగే నిలబడుతుంది. ఒక్కసారిగా బోల్టు తీస్తే పెట్రోలు ముఖాన కొడుతుంది. వేడి ఇంజను మీద పడితే మంట.

మేస్త్రి ముందు కారుని షెడ్డులోంచి బయటికి తోయించాడు. షెడ్డులో కారు కిందకి దిగే గుంత ఉంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది పైకి పోదు, కిందకి జారి గుంతలో నిలబడుతుంది. చూడ్డానికి కనబడదు. ఎవరో బీడీ ముట్టించేదాకా దాని సంగతి తెలియదు.

గంటన్నర ఇంజను చల్లారనిచ్చారు. ఆ గంటన్నరలో చీరలావిడకి రెండు ఫోన్లు వచ్చాయి. నూజివీడులో పెళ్లివారు చీరల కోసం కూచున్నారట. "సాయంత్రానికల్లా వస్తాను" అని చెప్పి, మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి తొందరపడలేదు.

బ్యాటరీ నెగటివ్ వైరు తీశారు. ట్యాంకు మూత వదులు చేశారు, లోపలి గాలి పోవడానికి. పక్కన వెల్డింగు చేస్తున్నతన్ని కాసేపు ఆపమన్నారు. పొడి రకం ఫైరు సిలిండరు, ఇసుక బకెట్టు దగ్గర పెట్టుకున్నారు. పెట్రోలు మంట మీద నీళ్లు పోయకూడదు. పెట్రోలు నీటి మీద తేలుతుంది, నీళ్లతో పాటు మంట కూడా పాకుతుంది.

తర్వాత కింది పెద్ద బోల్టుని ఒక పానాతో కదలకుండా పట్టుకున్నారు. పట్టుకోకపోతే చిన్నదానితో పాటు పెద్దదీ తిరుగుతుంది, పైపు మెలిపడుతుంది. చిన్న బోల్టు మీద మందపాటి గుడ్డ కప్పారు. ఇంకో పానాతో నెమ్మదిగా ఒక్క చుట్టు తిప్పారు. గుడ్డ తడిసింది. తడవడం ఆగేదాకా కదలకుండా ఉన్నారు. అప్పుడు బోల్టు తీశారు. పెట్రోలు గుడ్డని షెడ్డులో వేయకుండా దూరంగా ఆరుబయట పెట్టారు. కన్నం తెరిచి ఉంచకుండా ప్యాకెట్‌లోని కొత్త 6 బోల్టుకి వాషరు వేసి పెట్టారు. అది వేళ్లతోనే సులువుగా దిగింది.

"చూశావా, సగం జవాబు దొరికింది" అన్నాడు మేస్త్రి. "కొలత తెలిసిన బోల్టు వేళ్లతో చివరిదాకా దిగితే, ఆ మర అదే."

బోల్టుని అడగడం

మరకి రెండు కొలతలు ఉంటాయి. ఒకటి లావు. రెండోది చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం. రెండూ కలిస్తేనే పడుతుంది. ఒకటి కలిసి, ఇంకోటి కలవకపోతే పట్టినట్టే పట్టి పాడు చేస్తుంది.

లావు కొలవడానికి వెర్నియరు పెట్టారు. 5.9 చూపించింది. చిన్నోడు "ఆరు లేదు మేస్త్రీ" అన్నాడు. బోల్టు ఒళ్లు చెప్పిన అంకె కంటే వెంట్రుకవాసి తక్కువే ఉంటుంది, లేకపోతే కన్నంలో తిరగదు. 5.9 అంటే 6 అనే లెక్క. 11.8 వస్తే 12.

చుట్ల మధ్య దూరం కొలవడానికి మేస్త్రి దగ్గర దువ్వెన లాంటి గేజి లేదు. బడిపిల్లల స్కేలు ఉంది. బోల్టుని స్కేలు పక్కన పెట్టాడు. 10 మి.మీ. పొడవులో ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టమన్నాడు.

"పది."

"పది మిల్లీమీటర్లలో పది చుట్లు. ఒక్కో చుట్టు ఎంత?"

"ఒక మిల్లీమీటరు."

"రాసుకో. 6, ఒకటి."

కింది పెద్ద బోల్టుని తీయలేదు గానీ, అదే రకం పాత బోల్టు ఒకటి సామాన్ల డబ్బాలో దొరికింది. దాన్నీ కొలిపించాడు. లావు 12. 10 మి.మీ.లో 8 చుట్లు. 10ని 8తో భాగిస్తే 1.25. జపాను కార్ల పెట్రోలు పైపుల్లో ఇది తరచు కనబడుతుంది. 12 లావులోనే ఇంకో రకం ఉంది. దానికి చుట్టు దూరం 1.5. పదిలో ఆరున్నర చుట్ల దాకా వస్తాయి. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఒకదాని కన్నంలో రెండోది పెడితే రెండు మూడు చుట్లు హాయిగా దిగుతుంది. తర్వాత బిగుసుకుంటుంది. తెలియనివాడు బిగుతుగా ఉందనుకుని పానా వేస్తాడు. మర తెగిపోతుంది.

డబ్బాలో కవల పిల్లల్లాంటివి ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి 10 లావు, 1 చుట్టు. రెండోది అంగుళంలో ఎనిమిదో వంతు పైపు మర. దాని లావు కూడా పది మి.మీ.కి దగ్గరే, చుట్టు దూరం కూడా ఒకటికి దగ్గరే. అయితే పైపు మరల్లో ఒక రకం చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది, ముల్లంగి లాగ. రెండు బోల్టుల మరల్ని ఒకదానికొకటి ఆనించి వెలుతురుకి పట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. పళ్లు పళ్లలో కూచుంటే ఒకే రకం. సందులోంచి వెలుతురు వస్తే వేరు రకం.

పానా లేకుండా, వేళ్లతో కనీసం నాలుగైదు చుట్లు దిగాలి. దిగకపోతే అది ఆ కన్నానిది కాదు. మేస్త్రి ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉంటాడు. పెట్రోలు పైపు మర తెగితే కొత్త పైపు వేసుకోవచ్చు. తెగిన సంగతి తెలియక బిగించి పంపిస్తే, కారు రోడ్డు మీద తగలబడుతుంది.

లేతు దగ్గర

డబ్బాలో 6, 1 ముక్క లేదు. నాలుగు కొట్లు తిరిగినా దొరకలేదు. ఈసారి చిన్నోడు నోటితో చెప్పలేదు, బోల్టుని చేతిలో పెట్టుకుని తిరిగాడు. చివరికి లేతు మిషను దగ్గరికి వెళ్లాడు.

లేతు మేస్త్రి ఆరు పలకల ఇత్తడి కడ్డీ తీశాడు. ఒక కొసన 6, 1 మర కోశాడు. మర పొడవు పాత బోల్టు ఎంతో అంతే పెట్టాడు. ఎక్కువైతే కింద తన్నుతుంది, వాషరు నొక్కుకోదు. మర మొదట్లో నున్నటి అంచు వదిలాడు, వాషరు కూచోడానికి. మధ్యగా రెండున్నర మి.మీ. కన్నం వేశాడు. రెండో కొసన గొట్టం జారకుండా మొక్కజొన్న కండె మీద గింజల్లాగ గాట్లు పెట్టాడు. పొట్టు అంతా గాలి కొట్టి పోగొట్టాడు. మూడొందలు తీసుకున్నాడు.

"6 ఇత్తడి, మధ్యలో కన్నం కూడా ఉంది. బలం చూపించకు, విరిగి లోపల ఉండిపోతుంది" అని చెప్పి పంపాడు.

చిన్నోడు దారిలో టేపు చుట్ట కొన్నాడు, నీళ్ల పంపులకి చుట్టే తెల్ల టేపు. మేస్త్రి దాన్ని తీసి బల్ల మీద పెట్టేశాడు. ఇలాంటి తిన్నటి మరలో పెట్రోలుని ఆపేది మర కాదు, వాషరు. టేపు చుట్టడం వల్ల లాభం లేదు. పైగా టేపు పీలికలు ఊడి పైపులో పడితే ఇంజెక్టరు సన్నకన్నాల్లో ఇరుక్కుంటాయి. కొత్త వాషరు వేస్తే చాలు. ఒకసారి నొక్కుకున్న పాత వాషరుని నమ్మకూడదు.

గొట్టం కూడా చూసుకోవాలి. నీళ్ల గొట్టం, గాలి గొట్టం పెట్రోలుకి పనికిరావు. పెట్రోలులో నానితే ఉబ్బి, మెత్తబడి చిరుగుతాయి. పెట్రోలుకని చేసిన గొట్టమే వేసి, రెండు వైపులా క్లిప్పులు బిగించారు.

కారుకి పెట్టే ముందు దాన్నంతా పక్కనున్న పంచరు కొట్టుకి తీసుకెళ్లారు. మర కొసని మూసి, గాలి 60 దాకా కొట్టి బకెట్టు నీళ్లలో ముంచారు. ఒక క్లిప్పు దగ్గర బుడగలు వచ్చాయి. క్లిప్పు బిగించాక ఆగాయి. నీళ్లు తుడిచి, ఆరబెట్టి తెచ్చారు.

ముల్లు ఏం చెప్పింది

గేజి మీద రెండు వరసల అంకెలు ఉంటాయి. బయటి వరస పి.ఎస్.ఐ. టైరులో గాలి 30 కొట్టమంటామే, ఆ లెక్క. లోపలి వరస కిలోలు. 14 పి.ఎస్.ఐ. సుమారుగా ఒక కిలో. 28 అంటే 2 కిలోలు. 42 అంటే 3 కిలోలు. ఈ కారుకి రెగ్యులేటరు మీది సన్నని గాలి పైపు ఊడదీసి చూస్తే సుమారు 3 కిలోలు ఉండాలి. కారు టైరులో గాలి కంటే కాస్త ఎక్కువ, అంతే. అంకె బండి బండికీ మారుతుంది, ఆ బండి పుస్తకంలో చూసుకోవాలి.

అడాప్టరు బిగించి, బ్యాటరీ వైరు తగిలించారు. ఇంజను స్టార్టు చేయలేదు. తాళం ఆన్ చేశారు. పంపు రెండు సెకన్లు గుయ్యిమని ఆగింది. మూడుసార్లు అలా చేసి, అడాప్టరు చుట్టూ వేలు పెట్టి చూశారు. తడి లేదు. అప్పుడు స్టార్టు చేశారు.

రెగ్యులేటరు గాలి పైపు ఊడదీశారు. ముల్లు 28 దగ్గర నిలబడింది.

"రెండు కిలోలే. మూడు ఉండాలి" అన్నాడు చిన్నోడు.

"అయితే పంపు పోయినట్టేగా మేస్త్రిగారూ?" అంది చీరలావిడ.

"ఇప్పుడే అడుగుదామమ్మా."

మేస్త్రి ట్యాంకుకి తిరిగిపోయే రబ్బరు పైపుని వెతికి పట్టుకున్నాడు. దానికి గుడ్డ చుట్టి, కటింగు ప్లేయరుతో మెల్లగా నొక్కాడు. పాత రబ్బరు, గట్టిగా నొక్కితే చిట్లుతుంది. నొక్కీ నొక్కగానే ముల్లు లేచింది. 35, 40, 50. వెంటనే వదిలేశాడు. మళ్లీ 28.

అలుగు మూయగానే చెరువు నిండింది. వచ్చే నీళ్లకి లోటు లేదన్నమాట. పంపులో బలం ఉంది. ఫిల్టరు కూడా దారి ఇస్తోంది. అలుగే తెగింది. రెగ్యులేటరు లోపల అడ్డం సరిగా మూసుకోక, పెట్రోలు ఇంజనుకి అందకుండా వెనక్కి పోతోంది. నొక్కినా ముల్లు లేవకపోతే పంపునో, ఫిల్టరునో, పంపుకి వచ్చే కరెంటునో అనుమానించాల్సి వచ్చేది.

రెగ్యులేటరుకి రెండు బోల్టులు, ఒక రబ్బరు రింగు. మళ్లీ ఇంజను చల్లార్చి, బ్యాటరీ వైరు తీసి, గుడ్డ కప్పి, ఒత్తిడి వదిలి మార్చారు. కొత్తది పద్దెనిమిది వందలు అయింది. స్టార్టు చేస్తే ముల్లు 43. ఊడదీసిన గాలి పైపు తగిలిస్తే 34కి దిగింది. అది దిగాలి. ఇంజను పీల్చే గాలిని బట్టి రెగ్యులేటరు ఒత్తిడిని సర్దుకుంటుంది. దిగకపోతేనే అనుమానం. ఇంజను ఆపి కాసేపు చూశారు, ముల్లు జారిపోకుండా నిలబడింది.

"గేజితోనే వారధి దాకా వెళ్లొద్దామా మేస్త్రీ?" అన్నాడు చిన్నోడు. కొందరు గేజిని అద్దం బయట వైపరు కింద కట్టుకుని రోడ్డు మీద చూస్తారు. మేస్త్రి ఒప్పుకోలేదు. లేతు మీద చేసిన ముక్క షెడ్డు దాటకూడదన్నాడు. అడాప్టరు తీసి, అసలు బోల్టుకి కొత్త వాషరు వేసి బిగించాక, చీరల మూటలతోనే వారధి దాకా వెళ్లి వచ్చారు. కారు గుంజుకోలేదు. తిరిగి వచ్చాక ఇంజను వేడి మీదే ఆపి, పావుగంట ఆగి స్టార్టు చేశారు. ఒక్క తాళానికే అందుకుంది.

వేరే బండ్లకి

అంబాసిడరు, పాత మారుతి 800 లాంటి కార్బురేటరు బండ్లకి ఈ గేజి పనికిరాదు. వాటిలో ఒత్తిడి అర కిలోకి మించదు. పది కిలోల గేజి మీద ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. పుట్టు కూలీలకి బియ్యం లారీ కాటా మీద తూచినట్టు ఉంటుంది. చిన్న గేజి కావాలి. మర అడాప్టరు కూడా అక్కర్లేదు. పంపుకీ కార్బురేటరుకీ మధ్య రబ్బరు పైపులో టి ఆకారం ముక్క పెట్టి క్లిప్పులు బిగిస్తే చాలు. సర్వీసు బోల్టు లేని ఇంజెక్షను కార్లకి కూడా చాలావరకు టి ముక్కే దారి. టి కాళ్ల లావు పైపు లోపలి లావుకి సరిపోవాలి.

ఇప్పటి కామన్‌రైలు డీజిలు బండ్ల ఇంజను గొట్టానికి మాత్రం ఈ గేజి, ఈ అడాప్టర్లు దగ్గరికి కూడా తీసుకుపోకూడదు. అక్కడ ఒత్తిడి వెయ్యి కిలోలు దాటుతుంది. సన్నగా చిమ్మిన డీజిలు సూది లాగ చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్కే కనబడుతుంది. అలా జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి, చెయ్యి పోయే ప్రమాదం ఉంది.

సాయంత్రం నాలుగున్నరకి చీరలావిడ నూజివీడు బయలుదేరింది. వెళుతూ, "తొమ్మిది వేలన్నారు కదండీ, నేను మార్చేసేదాన్నే. మార్చినా మళ్లీ ఇలాగే ఆగేదా?" అని అడిగింది.

"ఆగేదమ్మా" అన్నాడు మేస్త్రి.

చిన్నోడు తిరిగి ఇద్దామని పది అడాప్టరు పట్టుకుని కొట్టుకి వెళ్లాడు. అమ్మిన ఇత్తడి ముక్క వెనక్కి తీసుకోనన్నారు. దాన్ని డబ్బాలో పడేసి, లేతు ముక్కకి ఒక చీటీ కట్టాడు. చీటీ మీద ఇలా రాశాడు: "పాత హోండా. ఫిల్టరు మీద చిన్న బోల్టు. పానా 10. మర 6, చుట్టు 1. కొత్త వాషరు. వేళ్లతో దిగాలి." మేస్త్రి చదివి, "వేళ్లతో" అన్న మాట కింద గీత గీశాడు.